ఆమె మంచాన పడితే ఆయన్ను చూసేదెవరు?

నెల ఒకటో తేదీ వచ్చిందంటే మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట వంటి తీర గ్రామాల్లో పింఛను సొమ్ము గడప దగ్గరికే వస్తుంది. మంచం మీద ఉన్న ముసలాయన చేయి పట్టుకుని వేలిముద్ర వేయించేది ఆయన భార్యే. డబ్బు లెక్కపెట్టుకునేదీ, మందులు తెప్పించేదీ, నోటికి ముద్ద అందించేదీ ఆమే. కొడుకులు చెన్నైకో, బెంగళూరుకో పనులకు పోయిన ఇళ్ళల్లో చివరకు ఆ ఇద్దరే మిగులుతున్నారు.

ఆయన్ను ఆమె చూసుకుంటోంది, సరే. ఆమెకూ అరవై దాటాయి. నాలుగు రోజులు జ్వరం వస్తే? బిందె ఎత్తుతూ నడుం పట్టేస్తే? ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు. అంటే అపశకునమని భయం. కానీ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో వలలు, పడవలు బాగుచేసి పెట్టుకునే ఊళ్ళు ఇవి. ముందుచూపు వీరికి కొత్త కాదు. దాన్ని ఇంటికీ వర్తింపజేయాలి.

ఇల్లు సర్దుకోవాలి

పక్షవాతం వచ్చిన మనిషిని రోజూ ఎత్తి దించుతుంటే చూసేవారి నడుమే ముందు దెబ్బతింటుంది. మంచం దగ్గర నుంచి మరుగుదొడ్డి దాకా నడుమెత్తున సరుగుడు కర్రలు గట్టిగా పాతి కడితే, కొద్దిగా నడవగలిగిన మనిషి వాటిని పట్టుకుని తానే వెళ్ళగలడు. గడప దగ్గర వాలుగా సిమెంటు చేయించాలి. రాత్రంతా చిన్న దీపం వెలుగుతుండాలి.

చచ్చుబడిన చేయి పట్టుకుని లాగకూడదు. భుజం కీలు తప్పుతుంది. కింద దుప్పటి పరచి, ఆ దుప్పటితోనే జరపాలి. పూర్తిగా మంచాన ఉన్నవారికి రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. అన్నం కూర్చోబెట్టి పెట్టాలి. తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు.

చూసుకునే ఇల్లాలు తన రక్తపోటు సంగతి మరచిపోతుంది. ఎండుచేప, ఉప్పుచేప లేనిదే ముద్ద దిగని ఊళ్ళలో ఇది ప్రమాదమే. మూతి వంకర పోయినా, చేయి జారిపోయినా, మాట తడబడినా తెల్లవారనిద్దామని ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అంతకు ముందు తల స్కానింగు కావాలి. దారిలో పట్టే సమయం కూడా ఆ లెక్కలోనిదే.

కాగితాలు, ఆస్తి

రాష్ట్రంలో 2024 నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైంది. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయలు. దానికి వైద్యుల ధ్రువపత్రం ఉండాలి. పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు పింఛను మంజూరు చేసే ఏర్పాటు 2024 నవంబరులో వచ్చింది. అందుకు మరణ ధ్రువపత్రం కావాలి కాబట్టి మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా, ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా ఉంటే ఒకరు పడినా ఇల్లు ఆగదు.

ఇక ఇల్లు, పొలం. చూసుకుంటామన్న మాట మీద బిడ్డలకు దాన దస్తావేజు రాసిచ్చి, తరువాత బాధపడేవారు ఎందరో. వీలునామా అయితే బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. దస్తావేజే రాయదలిస్తే, తల్లిదండ్రులను పోషించాలన్న షరతు అందులో స్పష్టంగా ఉండాలి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. దరఖాస్తు ఆర్డీవోకు పెట్టుకోవాలి. నోటిమాటను నమ్ముకుంటే ఆ హక్కు నిరూపించుకోవడం కష్టం.

గాలివాన వస్తే

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును, 2004 డిసెంబరు 26 నాటి సునామీని చూసిన వారికి చెప్పనక్కరలేదు. నడవగలిగిన వారు చివరి గంటలో బయలుదేరినా చేరతారు. మంచాన ఉన్నవారిని గాలి మొదలయ్యాక తరలించడం నలుగురి వల్ల కూడా కాదు. హెచ్చరిక వచ్చిన మొదటి రోజే లోపలి ఊళ్ళోని బంధువుల పక్కా ఇంటికో, తుపాను షెల్టరుకో చేర్చాలి. నులకమంచం మోయడానికి ఏ నలుగురు వస్తారో ముందే అనుకుని ఉండాలి. వారానికి సరిపడా మందులు, ఆధారు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాలి. ఇంట్లో కదలలేని మనిషి ఉన్నారని సచివాలయంలో ముందుగానే చెప్పి ఉంచాలి.

రూపాయి పొదుపు చేసిన చేతులే

1992లో ఇదే జిల్లాలోని దూబగుంట నుంచి సారాపై ఆడవారి పోరాటం లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వెనుకే రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. నాడు ముప్ఫై ఏళ్ళున్న ఇల్లాలికి ఇప్పుడు అరవై దాటాయి. మంచం పక్కన కూర్చున్నది ఆ తరమే.

నాడు రూపాయి పోగుచేసిన వారు నేడు ఒక పూట పోగుచేయలేరా? వీధిలో పదిమంది కలిసి వారానికి ఒకరు ఒక పూట వంతు పెట్టుకుంటే, ఆ ఇల్లాలు ఆసుపత్రికి పోయి తన రక్తపోటు చూపించుకోగలదు, కంటినిండా ఒక కునుకు తీయగలదు. ఆమె పడిన రోజున ఆయనకు ఏ వేళకు ఏ మందో, అన్నం ఎలా పెట్టాలో తెలిసిన మనిషి పక్కింట్లోనే ఉంటుంది.

వచ్చే ఒకటో తేదీన పింఛను డబ్బు లెక్కపెట్టుకున్నాక ఆ ఇద్దరూ ఒక గంట కూర్చుని ఈ సంగతులు మాట్లాడుకోవాలి. చెన్నైలోని కొడుక్కి ఫోనులో చెప్పాలి. పక్కింటి ఆమెను పిలిచి తాళంచెవి ఎక్కడుంటుందో చూపించాలి. ఇది అపశకునం కాదు, సంసారంలో ఒక పని.