ఇంటి చలనచిత్రము

కొల్లేటి తీరమున తెల్లవారుచున్నది. తాటిదోనెపై నిలిచి ఒక జాలరి గడ వేయుచున్నాడు. ఆటపాక వైపు నుండి గూడబాతుల గుంపొకటి రెక్కలు చాచి నీటిపై దిగుచున్నది. ఈ దృశ్యమును చిత్రకారుడు రంగులతో వ్రాయగలడు. ఛాయాగ్రాహకుడు ఇందలి ఒక్క క్షణమును పట్టి నిలుపగలడు. కాని గడ నీట మునిగి లేచుటను, దోనె కదలుటను, పక్షి రెక్క ముడుచుటను ఉన్నదున్నట్లు మరల చూపవలెనన్న చలనచిత్రమే శరణ్యము. ఒకప్పుడు కొంత కలిగిన గృహస్థులు తమ యింటివారి కొరకు అట్టి చిత్రములను తీయుటకు వాడిన చిన్న యంత్రమే సినీ కెమెరా. నేడు ఆ పనిని చేతిలోని ఫోను చేయుచున్నది. అయినను ఆ పాత యంత్రము పనిచేయు తీరును, అది నేర్పిన పాఠమును మనము తెలిసికొనదగును.

మన దేశమున చలనచిత్రములు మొదట ప్రదర్శింపబడినది 1896 జులై 7వ తేదీన, బొంబాయి నగరమున. పిమ్మట హరిశ్చంద్ర సఖారాం భాటవడేకర్ అను ఛాయాగ్రాహకుడు విదేశము నుండి కెమెరాను తెప్పించి, 1899లో ఒక కుస్తీ పోటీని చిత్రించెను. కొల్లేటికి అనతిదూరమున నున్న మచిలీపట్నమున జన్మించిన రఘుపతి వెంకయ్య నాయుడు, తన కుమారుడు ప్రకాశ్ దర్శకత్వమున 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అను మూకీ చిత్రమును నిర్మించెను. ఆ కాలపు పెద్ద చిత్రములకు వాడిన ఫిల్ము 35 మిల్లీమీటర్ల వెడల్పు కలిగి, మిక్కిలి ఖరీదైనదై యుండెను. అంతేకాక నైట్రేటుతో చేయబడినందున క్షణములో అంటుకొని మండుచుండెను. అట్టి వస్తువును ఇంట నుంచుకొనుట ప్రమాదకరము. కావున పాథే సంస్థ 1922లో 9.5 మిల్లీమీటర్ల ఫిల్మును, కొడాక్ సంస్థ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్మును, 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్మును ప్రవేశపెట్టెను. ఇవి సులభముగా అంటుకొనని ఎసిటేటుతో చేయబడినవి. వీటి వలననే చలనచిత్రము గృహప్రవేశము చేసెను.

ఇక యంత్రమును పరిశీలింతము. ఏలూరులోని ఒక గృహస్థుని వద్ద పాత 8 మిల్లీమీటర్ల కెమెరా యొకటి కలదనుకొందము. దానికి విద్యుత్తు అక్కరలేదు. గడియారమునకు వలె దాని ప్రక్కనున్న మీటను త్రిప్పి స్ప్రింగును బిగింపవలెను. మీట నొక్కగనే స్ప్రింగు విప్పుకొనుచు లోపలి చక్రములను నడుపును. ఫిల్ము అంచున వరుసగా రంధ్రములుండును. ఒక చిన్న కొక్కెము రంధ్రములో దూరి ఫిల్మును ఒక్క మెట్టు క్రిందికి లాగి, వెనుకకు తప్పుకొనును. ఫిల్ము కదలునంతసేపు తిరుగుడు రెక్క యొకటి వెలుతురునకు అడ్డుపడును. ఫిల్ము నిలువగనే రెక్క తొలగి, కటకము గుండా వెలుతురు లోనికి వచ్చి బొమ్మ పడును. ఇట్లు సెకనునకు 16 పర్యాయములు జరుగును. అనగా చలనచిత్రమున కదలెడు బొమ్మ ఒక్కటియు లేదు. ఉన్నవన్నియు నిశ్చల చిత్రములే. వానిని అదే వేగముతో తెరపై చూపినప్పుడు మన కన్నును మెదడును కలిసి వానిని ఎడతెగని కదలికగా గ్రహించును.

ఈ కెమెరాలో నుంచు ఫిల్ముచుట్ట పొడవు 25 అడుగులు. దాని వెడల్పు 16 మిల్లీమీటర్లైనను, ఒక పర్యాయము సగము వెడల్పుపై మాత్రమే బొమ్మలు పడును. చుట్ట ముగియగనే నీడపట్టున దానిని తిరుగవేసి, రెండవ సగముపై చిత్రింపవలెను. ప్రయోగశాలలో రసాయనములతో కడిగిన పిమ్మట నిలువుగా చీల్చి, రెండు ముక్కలను అతికింపగా 50 అడుగుల చిత్రమగును. అడుగునకు 80 బొమ్మల చొప్పున మొత్తము 4,000 బొమ్మలు. సెకనునకు 16 వంతున లెక్కించిన 250 సెకనులు, అనగా నాలుగు నిమిషముల పది సెకనులు మాత్రమే! తిరుగవేసితినో లేదో మరచి, వాడిన సగముపైననే మరల చిత్రించినవాని పాట్లు చెప్పనలవి కావు. పెండ్లిపీటలపై కూర్చున్న వధూవరుల మీదుగా గూడబాతులు ఈదుచుండును!

నాలుగు నిమిషముల ఫిల్ముతో ఒక దినమును చిత్రింపవలెనన్న ముందుగా ఆలోచింపవలెను. మన గృహస్థుడు తాడేపల్లిగూడెమున రైలెక్కి, ఏలూరు మీదుగా కొల్లేటికి పోవుచున్నాడనుకొందము. స్టేషనులో రైలు వచ్చుటకు పది సెకనులు చాలును. కెమెరాను అటునిటు త్రిప్పక స్థిరముగా పట్టుకొని, రైలునే తన యెదుటికి రానీయవలెను. ఏలూరున తివాచీ నేయువారి చేతులను చిత్రింపగోరినచో మగ్గపు గది చీకటిగా నుండును. వాకిటి వెలుగు పడుచోటునే ఎంచుకొనవలెను. కొల్లేట నీటిపై మెరుపు మిక్కుటము. ఆ మెరుపును కొలిచి కటకపు ద్వారమును తగ్గించినచో జాలరి ముఖము నల్లబడును. కావున ఉదయ సాయంకాలముల యేటవాలు వెలుగే మేలు. దోనె ఊగుచుండును గనుక గట్టుపై నిలిచి తీయుట ఉత్తమము.

తీసిన ఫిల్మును ప్రయోగశాలకు పంపి, అది తిరిగి వచ్చువరకు వేచియుండవలెను. వచ్చిన నాటి రాత్రి గోడపై తెల్లని పంచె కట్టి, దీపములార్పి, ప్రొజెక్టరును నడుపుదురు. ఆ చిత్రములలో సాధారణముగా శబ్దముండదు. మాటలు లేనందున చూచువారే మాటలాడుదురు. “అదిగో తాతయ్య!” అని ఒకరు, “ఆ చీర నాదే!” అని మరియొకరు పలుకుచుండగా ఇల్లు నిండును. తాడేపల్లిగూడెమున హాస్యనటులు రేలంగి వెంకట్రామయ్యగారి పేర వెలసిన చిత్రమందిరమున జనులు ప్రఖ్యాత నటులను చూచిరి. ఇంటి తెరపై తమ్ము తామే చూచుకొనిరి.

ఇట్టి చిత్రములు కుటుంబమునకు వినోదము మాత్రమే యని తలంపరాదు. ఆంగ్లేయుల పాలనలో మన దేశమున నివసించిన కుటుంబములు తీసికొనిన ఇంటి చిత్రములను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయన కేంద్రము భద్రపరచినది. నాటి వీధులను, సంతలను, ప్రయాణములను చరిత్రకారులు నేడు వానిలో చూచుచున్నారు. మన కొల్లేరును గమనింపుడు. గడచిన శతాబ్దపు చివరి దశాబ్దములలో సరస్సులో చేపల చెరువులు విస్తరించెను. 1999లో ప్రభుత్వము కొల్లేటిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించెను. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద దానికి అంతర్జాతీయ గుర్తింపు లభించెను. 2006లో పెక్కు చెరువుల గట్లను తొలగించిరి. ఈ మార్పులకు పూర్వము నీరెంతవరకు పరచుకొనియుండెనో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు జనులు ఎట్లు పోయెడివారో, ఏ పెట్టె యడుగుననో పడియున్న ఇంటి ఫిల్ము చెప్పగలదు.

కాని ఆ ఫిల్మునకు శత్రువు మన గాలియే. వేడియు తేమయు కలిసినప్పుడు ఎసిటేటు క్రమముగా విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లమును వెలువరించును. డబ్బా మూత తీయగనే పుల్లని ఘాటు వాసన వచ్చినచో ఫిల్ము చెడుచున్నదని తెలియవలెను. అది ముడుచుకొనిపోవును, రంధ్రములు కొక్కెమునకు అందవు. అట్టిదానిని ప్రొజెక్టరులో నడిపినచో చినిగిపోవును. ఆ చుట్టను తక్కినవాని నుండి వేరుచేసి, చల్లని పొడిచోట నుంచి, నిపుణులచే త్వరగా డిజిటల్ ప్రతిని తీయింపవలెను. చెడిన ఫిల్మును బాగుచేయు ఉపాయము లేదు. చెడుటను ఆలస్యము చేయు ఉపాయము మాత్రమే కలదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూచుటకు లభించుట లేదు. ఆంధ్రుల తొలి చిత్రమునకే ఆ గతి పట్టగా, ఇంటి చిత్రముల మాట చెప్పనేల?

విద్యార్థులారా! మీ యింట పాత ఫిల్ముచుట్ట యేదైన ఉన్నచో దానిని పారవేయనీయకుడు. ఇంటిలోని పెద్దల దగ్గర కూర్చుండి అది ఎవరు తీసినది, ఏ ఊరిది, ఏ సంవత్సరమునాటిదని అడిగి, కాగితముపై వ్రాసి డబ్బాకు అంటింపుడు. బొమ్మలు నిలిచినను, వానిలోని మనుష్యుల పేర్లు చెప్పగలవారు లేకున్న ఆ చిత్రము నిజముగా మూగదగును. మీరు ఫోనుతో చిత్రించునప్పుడు సైతము ఆ నాలుగు నిమిషముల ఫిల్మును జ్ఞప్తియందుంచుకొనుడు. మీటను నొక్కుటకు ముందు కన్నులార చూచుట ఆ పాత కెమెరా నేర్పిన విద్య.