నీటిధారలో వంగిన వెలుగు

బాగేపల్లి, చింతామణి దారుల పక్కన కాలువ తీసి కేబుల్ వేస్తుంటే పిల్లలు అడిగారు: "సార్, ఇందులో కరెంటు పోతుందా?" పోదు. పోయేది వెలుగు.

లోపలిది వెంట్రుకంత సన్నని గాజుపోగు. దాని నడిమి గాజుకు వక్రీభవన గుణకం ఎక్కువ, చుట్టూ ఉన్న గాజుకు కొంచెం తక్కువ. అందుకే అంచును బాగా ఏటవాలుగా తాకిన కాంతి బయటికి పోలేక లోపలికే మళ్లుతూ ముందుకు సాగుతుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, హాప్‌కిన్స్‌తో కలిసి ఇలాంటి పోగుల కట్ట గుండా బొమ్మను పంపిన సంగతి 1954లో ప్రకటించారు. నేడు ఇంటర్నెట్టుకూ, కడుపులోకి వెలుగు పంపే ఎండోస్కోపుకూ ఇదే ఆధారం.

బోర్డు మీద చెబితే పిల్లలు ఊరికే తలలూపారు. ప్లాస్టిక్ సీసాకు చిల్లు పెట్టి, నీళ్లు ధార కడుతుండగా అవతలి వైపు నుంచి లేజర్ లైటు వేశాం. అది ఎవరి కంట్లోనూ పడకుండా చూసుకున్నాం. వంగిన ధార వెంటే వెలుగూ వంగింది. "నీళ్లలో చిక్కుకుపోయింది సార్!" అన్నారు. పాఠమంతా ఆ మాటలోనే ఉంది.

పరావర్తనం కన్నడంలో ప్రతిఫలన, ఇంగ్లీషులో రిఫ్లెక్షన్. తెలుగులో చదివితే పై తరగతుల్లో వెనకబడతారేమోనని దిగులుపడే అమ్మానాన్నలకు మేం చెప్పేదొకటే: పేరు మారుతుంది, అర్థమైంది మారదు. ఆ మూడు పేర్లూ ఒకే రోజు బోర్డు మీద రాయడం మాత్రం మా ఉపాధ్యాయుల బాధ్యత.