ఎవరికెంత అధికారము?

వడమాలపేట మండలములోని రైతు తన పొలము అడంగలు చూడదలచినచో నేడు మండల కచేరీకి పోనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో ప్రారంభించిన 'మీభూమి' వెబ్‌సైటులో జిల్లా, మండలము, గ్రామము, సర్వే నంబరు తెలిపినచో ఆ వివరములు తెరపై కనబడును. అయితే చూడగలిగిన ప్రతివాడును దిద్దగలిగినచో ఏమగును? తెల్లవారుసరికి పొలము పరుల పేర మారిపోవచ్చును. ఈ ప్రమాదమును నివారించు ఏర్పాటునకే ప్రవేశ నియంత్రణమని పేరు.

ఇందు రెండు ప్రశ్నలు కలవు. "నీవెవరవు?" అనునది మొదటిది. పాస్‌వర్డు, ఓటీపీ, వేలిముద్ర దీనికి సమాధానములు. "నీవేమి చేయవచ్చును?" అనునది రెండవది. మొదటిదానికి సరిగా బదులు చెప్పినంతమాత్రమున రెండవదానికి అనుమతి లభింపదు. బడిలోనికి రానిచ్చిన విద్యార్థిని మార్కుల రిజిస్టరు దిద్దనిత్తుమా?

వేలమంది ఉద్యోగులకు విడివిడిగా అనుమతులు వ్రాయుట కష్టము. కావున వానిని మనిషికి గాక హోదాకు ముడిపెట్టుదురు. 1992లో అమెరికాలో ఫెరాయోలో, కూన్ అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని సూత్రబద్ధము చేసిరి. ఉద్యోగి బదిలీ అయినచో అతని నుండి హోదా తొలగించి, క్రొత్తగా వచ్చినవానికి ఇచ్చిన చాలును. తొలగించుట మరచినచో పాత ఉద్యోగి చేతిలో తాళము చెవి మిగిలినట్లే.

హక్కుల రికార్డు మార్పులో గ్రామ రెవెన్యూ అధికారి విచారించి నివేదించును, తహశీల్దారు ఆమోదించును. ప్రతిపాదించుట, ఆమోదించుట ఒకే చేతిలో ఉండరాదు. ఖజానా గదికి జంట తాళములు వేయుటలోని కిటుకు ఇదియే. ఎవరికైనను పనికి కావలసినంత అధికారమే ఇవ్వవలెనని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే వివరించిరి.

అనుమతి లేనివానికి 'మార్చు' అను బటను కనబడకుండ చేసిన చాలునా? చాలదు. తెలిసినవాడు బటనుతో పనిలేకయే సర్వరునకు నేరుగా కోరిక పంపగలడు. కావున ప్రతి కోరికను సర్వరే పరీక్షించి, స్పష్టమైన అనుమతి లేనిచో నిరాకరించవలెను. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో చిట్టాలో నమోదు చేయవలెను.

ఇంత చేసియు, ఒకరి పాస్‌వర్డు పదిమందికి తెలిసినచో అంతయు వ్యర్థము. తప్పు ఒకరు చేయుదురు. చిట్టాలో మరొకరి పేరు పడును.

విద్యార్థులు తమ బడికి ఇట్టి పట్టిక వ్రాసి చూడవచ్చును. నిలువున ప్రధానోపాధ్యాయుడు, ఉపాధ్యాయుడు, గుమాస్తా, విద్యార్థి. అడ్డముగ చూచుట, చేర్చుట, దిద్దుట, ఆమోదించుట. ప్రతి గడిలోను "ఔను" అని వ్రాయుటకు ముందు "ఇది లేకున్న అతని పని ఆగునా?" అని ప్రశ్నించుకొనవలెను.