మీకు తెలుసా? అంగన్‌వాడీ పిండి మన నాచారానిదే!

చిన్నప్పుడు అంగన్‌వాడీలో పెట్టిన తియ్యటి పిండి గుర్తుందా? గుప్పెడు నోట్లో పోసుకుని, పక్కవాడు నవ్వించగానే ముక్కులోంచి కూడా ఎగజిమ్మేది! ఆ పిండి హైదరాబాద్‌లో ఉప్పల్ పక్కనే, నాచారం పారిశ్రామికవాడలో తయారయ్యేది. దాన్ని తయారుచేసిన అప్పటి ఏపీ ఫుడ్స్ సంస్థ రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఫుడ్స్ అయింది. ఇప్పుడు అక్కడ చేసేది బాలామృతం: వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. ఏడు నెలల పిల్లల నుంచి మూడేళ్ల వాళ్ల దాకా నెలకు 2.5 కిలోల ప్యాకెట్ ఇస్తారు.

అంతకుముందు తరానిది మరో రుచి. అమెరికా సాయంగా వచ్చిన మొక్కజొన్న రవ్వతో బడిలో వండిన పసుప్పచ్చ ఉప్మా. ఆ పేరెత్తితే తాతయ్యలు ఇప్పటికీ లొట్టలేస్తారు. మనవలకు పెడితే మాత్రం ప్లేటు పక్కకు నెట్టేస్తారు. నిజం చెప్పాలంటే, ఆ రుచిలో సగం ఆనాటి ఆకలిదే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ కూడా బాలామృతం బాపతే. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10 వేయించి పొడిచేసి, 20 గ్రాముల బెల్లం కలపాలి. దాదాపు 330 కేలరీలు. ఇంట్లో చేసి చూడండి. పిల్లలు మొహం చిట్లిస్తే పూచీ మాది కాదు!