ఛాయాచిత్రమునకు ఏ బట్ట కట్టుకొనవలెను?



కొంతకాలము క్రిందట గూడెం కొత్తవీధి మండలములోని ఒక గ్రామమునుండి ఒక పెద్దాయన నాయొద్దకు వచ్చెను. ఆయన మనుమరాలు కళాశాలలో చదువుచున్నది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తండ్రితో కూడ తోటకు పోయి కాఫీపండ్లు కోయును. కాఫీ పొట్లములమీదను, గోడ క్యాలెండర్లమీదను అచ్చువేయుటకు ఫొటోలు తీయువారు కొందరు ఆ తోటకు వచ్చి, ఈ పిల్లను చూచి, మరుసటి వారము మరల వచ్చి ఆమెను నిలువబెట్టి చిత్రములు తీసెదమనియు, తగిన ప్రతిఫలము నిచ్చెదమనియు చెప్పిరట. పోవుచు పోవుచు, అమ్మాయి గిరిజనవేషమున ఉండవలెనని ఒక మాట విడిచి పోయిరి. ఇంటిల్లిపాదికిని అదియే చిక్కు. పిల్ల నిత్యము తొడుగునవి పంజాబీ దుస్తులు. తల్లి అందరివలెనే కుచ్చిళ్లు పోసి చీర కట్టును. నాయనమ్మ ఒక్కతె మాత్రము పూర్వపు తీరున భుజముపై ముడివేసి, పిక్కల పైకి చీర కట్టుకొనును. "బాబూ, ఈ ముగ్గురిలో గిరిజనవేషము ఎవరిది?" అని ఆయన నన్నడిగెను.

నేను చాలకాలము ఛాయాచిత్రములు తీసి జీవించినవాడను. ఐనను ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేకపోతిని. నాకు తెలిసినది వెలుతురు సంగతి. కనుక మొదట ఆయనకు అదియే చెప్పితిని. మీకును అదియే ముందుగా చెప్పెదను.

మన కన్ను చూచినట్లు కెమెరా చూడదు. ఇది గాజుపలకలపై చిత్రములు తీసిన దినములనుండియు ఉన్న సంగతియే. 19వ శతాబ్దమున వాడిన పలకలకు నీలివన్నె అందినట్లు తక్కిన వన్నెలు అందెడివి కావు. నీలిచీర తెల్లగను, ఎఱ్ఱచీర కారునలుపుగను పడెడివి. పసుపు రాచుకొని, కుంకుమబొట్టు పెట్టుకొని ముచ్చటగా కూర్చున్న ముత్తైదువ ముఖము చిత్రములో మసిబారినట్లు వచ్చెడిది. జర్మనీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఫోగెల్ అను నతడు 1873లో, పలకపై పూయు మందులో తగిన అద్దకపు రంగును చేర్చినచో ఆకుపచ్చ, పసుపు వన్నెలు కూడ పట్టుబడునని కనుగొనెను. ఎఱుపుతో సహా అన్ని వన్నెలను గ్రహించు పలకలు 1906లో ఇంగ్లండున అమ్మకమునకు వచ్చినవి. మీ యిండ్లలో ఎవరివద్దనైనను ముత్తాతల నాటి పెండ్లి ఫొటో ఉన్నచో, అందు పెండ్లికూతురి చీర నల్లగా ఉన్నదని ఆశ్చర్యపడకుడు. శుభకార్యమునకు మనవారు నల్లచీర కట్టరు గదా! అది ఎఱ్ఱచీరయే కావచ్చును.

నేటి కెమెరాలు రంగులన్నింటిని చూచును గాని, వానికి వేరొక చాపల్యము కలదు. కెమెరాలో వెలుతురును కొలుచు సాధనమొకటి ఉండును. ఎదుటనున్న దృశ్యమంతయు కలిపి సగటున బూడిదవన్నెలో ఉండునని తలచి అది లెక్క కట్టును. తనపై పడిన వెలుతురులో నూటికి సుమారు 18 పాళ్లు తిరుగగొట్టు బూడిదవన్నె అది. ఇప్పుడు ఒక పెద్దమనిషి తెల్లపంచె, తెల్లచొక్కా, తెల్లకండువాలతో ఎండలో నిలిచెననుకొందము. వెలుతురు మిక్కుటముగా ఉన్నదని కెమెరా భ్రమించి, చిత్రమంతటిని చీకటి చేయును. బట్టలు బూడిదవన్నెకు దిగును, ముఖము బొగ్గువలె నగును. నల్లకోటు తొడిగినచో దీనికి వ్యతిరేకము: కోటు వెలిసిపోవును, ముఖము పాలిపోవును. సెల్‌ఫోనులలోని కెమెరాలు ముఖమును గుర్తించి కొంత సవరించుకొనును గాని పూర్తిగా కాదు. అందుచేత మరీ తెలుపు, మరీ నలుపు మాని నడిమి వన్నెలు ధరించుట మేలు. జేగురు, నేరేడు, గోధుమ, ముదురాకుపచ్చ, ఇటుకరంగు వంటివి ముఖమును మింగవు. పాస్‌పోర్టు వంటి పత్రములకు తెల్లని వెనుకతెర ఉండవలెను గనుక అచట తెల్లచొక్కా అసలే పనికిరాదు. భుజములు తెరలో కలిసిపోయి తల ఒక్కటే గాలిలో వ్రేలాడుచున్నట్లు కనబడును.

ఇచట ఒక మాట. "మా పిల్ల నలుపు, ఫొటోలో బాగుండదు" అని పెద్దలే పిల్లలయెదుట అనుట నేను పలుమారులు వింటిని. తప్పు పిల్లది కాదు. 1950ల నాటినుండి కోడాక్ సంస్థవారు రంగుచిత్రములను సరిచూచుకొనుటకై స్టూడియోలకు ఒక అట్టను పంపుచుండిరి. దానిపై ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండెడిది. దానికి షర్లీ కార్డని వాడుక. రంగులు సరిపోయినవి అనగా ఆమె చర్మము చక్కగా వచ్చినదనియే అర్థము. తక్కిన ప్రపంచమంతయు ఆ కొలతకే లోబడి ముఖములు మసకబారించుకొనవలసి వచ్చినది. పలుజాతుల స్త్రీల బొమ్మలుగల కార్డులు 1990లలో గాని రాలేదు. కావున నల్లని మేనికి పౌడరు పులుమవలసిన పని లేదు. పౌడరు మెడకును ముఖమునకును రెండు వన్నెలు తెచ్చును. చెమట పట్టినచో చారలు కట్టును. వెలుతురు ప్రక్కనుండి మెత్తగా పడునట్లు నిలిచి, ముఖమునుబట్టి కెమెరాను సరిచేయుమని అడుగుట చాలును. పని తెలిసిన వాడు ఆ మాట విని నొచ్చుకొనడు.

తక్కిన చిన్న విషయములను త్వరగా చెప్పి ముగించెదను. మిక్కిలి సన్నని గళ్లు, సన్నని చారలుగల బట్ట కెమెరాలో నీటిపై అలలవలె వణకుచు, లేని రంగులను పుట్టించును. జరీ ఎక్కువగానున్న పట్టు, ఫ్లాషు వెలుతురు తగిలినంతనే తెల్లని మచ్చయగును. పెట్టెలో చిరకాలము మడిచియుంచిన చీర మడతగీతలు ముఖముకంటె ముందు కనబడును. ముందునాడే ఇస్త్రీ చేయించవలెను. సిమెంటు కంపెనీ వారు ఊరకనే పంచిన బనియను వేసికొని నిలువవద్దు. మీ ఫొటో ఆ సిమెంటు ప్రకటన యగును.

కొండప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులు రెండు కలవు. కాఫీ మొక్కలు సిల్వరు ఓకు వంటి పెద్దచెట్ల నీడలో పెరుగును. ఆ నీడలోనికి దిగు వెలుతురు ఆకులగుండ వడియబడి వచ్చుటచే పచ్చని ఛాయ కలదై యుండును. ఆ పచ్చదనము చెక్కిళ్లపై పడి మనిషికి జ్వరము వచ్చినట్లు చూపును. దానికి తోడు ఆకుపచ్చ బట్ట కట్టినచో గడ్డము క్రింద కూడ పచ్చదనము ప్రాకును. తోటలో ఇటుకరంగు గాని, పండుమిరప రంగు గాని మేలు. రెండవది మంచు. శీతకాలమున లంబసింగి, వంజంగి కొండలకు పెండ్లికి ముందుగా ఫొటోలు తీయించుకొనుటకు దూరప్రాంతములనుండి వధూవరులు వచ్చుట మీరెరుగుదురు. తెల్లని గౌనులు, లేతనీలి చీరలు ధరించి ఆ మంచులో నిలిచి మాయమగుదురు. పలుచని బట్టలతో వణకుచు, ముక్కులు ఎఱ్ఱజేసికొని, నవ్వుటకు ప్రయత్నించుట చూచినచో జాలి కలుగును. మంచుకు ముదురువన్నె కావలయును, లోపల ఉన్నిబట్ట కావలయును.

ఈ మాటలన్నియు విని పెద్దాయన, "బట్టల రంగు చెప్పినావు, బాగున్నది. వేషము సంగతి చెప్పలేదు" అనెను. ఆయన వదలు రకము కాదు.

వేషము సంగతి కొంత వెనుకకుపోయి చెప్పవలెను. మద్రాసు మ్యూజియము అధిపతిగానుండిన థర్‌స్టన్ దొర, రంగాచారి అను సహాయకునితో కలిసి, 1909లో దక్షిణదేశపు కులములను, జాతులను గూర్చి 7 సంపుటముల గ్రంథమును ప్రకటించెను. అందు మన విశాఖ మన్యమువారి ప్రస్తావనయు చిత్రములును కలవు. గదబ స్త్రీలు కెరంగు నారతో తామే నేసికొను ఎఱ్ఱ, నీలి, తెల్ల చారల బట్టనుగూర్చియు, వారి పెద్ద పెద్ద ఇత్తడి చెవిపోగులనుగూర్చియు అందు శ్రద్ధగా వ్రాయబడినది. నార ఎచటిది, చార ఏ రంగుది యని తెలియును. కాని చాలచోట్ల చిత్రము క్రింద జాతిపేరే కాని మనిషి పేరు లేదు. ఆ బట్టను నేసినది ఎవరో, దానిని కట్టి నిలిచినది ఎవరి తల్లియో తెలియదు.

దాదాపు ఆ కాలముననే హైదరాబాదులో వేరొక తీరు నడిచినది. నిజాము కొలువున ప్రసిద్ధుడైన రాజా దీనదయాళు 1892లో ఘోషా స్త్రీలకొరకే ఒక స్టూడియోను తెరచి, అందు చిత్రములు తీయు పనిని ఒక ఆంగ్లస్త్రీకి అప్పగించెను. పరపురుషుని కన్ను పడనిచోట వారు కూర్చుండిరి. డబ్బిచ్చి తీయించుకొనువారు గనుక ఏ నగ పెట్టవలెను, ఏ పైట వేయవలెను అనునది వారి యిష్టము. ఈ రెండు తీరుల చిత్రములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో భేదము నగలలో లేదని నాకు తోచుచున్నది. ఒకచోట బట్టను కట్టుకొన్నవారే ఎన్నుకొన్నారు. మరియొకచోట చూచువాడు ఎన్నుకొన్నాడు.

గాంధీగారు 1921 సెప్టెంబరు 22న మధురలో చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి గట్టిరి. 1931లో లండనులో చక్రవర్తి విందుకు పిలిచినప్పుడును దానితోనే పోయిరి. పిలిచినవారు కోరిన వేషము కాదది. అంతకుముందు దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా కోటు, మెడపట్టీలతో తీయించుకొన్న చిత్రములును ఉన్నవి. అదియు ఆయన తొడుగుకొన్నదే గనుక దానిని ఎవరును అబద్ధమనరు.

అరకువైపు మాడగడ కొండపై సూర్యోదయము చూడవచ్చిన యాత్రికులకు అచటి స్త్రీలు తమ తీరున చీరకట్టి, పూసలు వేసి, థింసా అడుగులు నేర్పి ఫొటోలు తీయించి కొంత పైకము పుచ్చుకొందురు. కొందరు పెద్దలు దీనిని ఆక్షేపింతురు. నాకు అందు తప్పు కనబడదు. అచట వేషము వేయించుకొనునది యాత్రికులు, వేయించునది మనవారు. చీర ముడి ఎట్లుండవలెనో చెప్పు అధికారము మన స్త్రీలదే. దీనికి తారుమారుగా, ఎక్కడనో అద్దెకు తెచ్చిన ఈకలను, పూసలను మన పిల్ల మెడలో వేసి, ఇదియే నీ వేషమని చెప్పినప్పుడు గదా చిక్కు వచ్చునది.

ఇంతవరకు వచ్చి నేను ఆయనతో ఇట్లంటిని: "తాతా, ముగ్గురిదియు గిరిజనవేషమే. ఏది వేసికొనవలెనో పిల్లనే అడుగుడు. కాని చిత్రము ఎచట అచ్చగునో, ఎన్నాళ్లు వాడుదురో, ఎంత ఇత్తురో తెలుగులో వ్రాసి చదివి వినిపించిన పిదపనే చేవ్రాలు చేయనిండు." అరకు కాఫీ పేరిట పారిస్ నగరముననే 2017లో ఒక అంగడి తెరువబడినది. కొండమీద తీసిన చిత్రము ఎంతదూరము పోవునో ఎవరికెరుక? బట్ట మార్చుకొనుటకు తలుపుగల గది ఉండవలెననియు, ఇంటి ఆడవారొకరు వెంట ఉండవలెననియు కూడ చెప్పితిని.

ఆ దినమున నేనును పోతిని. పిల్ల రెండు వేషములను ఎన్నుకొన్నది. మొదటిది కోతకు పోవునప్పటి వేషము: పంజాబీ దుస్తులు, వానిపై తండ్రి పాతచొక్కా, తలకు తువాలు. రెండవది నాయనమ్మ ఇటికల పండుగకు దాచుకొన్న ఇటుకరంగు చీర; దానిని నాయనమ్మయే కట్టెను. ఫొటోల వారు తెచ్చిన పూసలపేరులను, తలకు పెట్టు ఈకలను ఆమె చేతితో కూడ తాకలేదు. "మా ఇంట ఇవి ఎవ్వరు పెట్టుకోరండి" అని మాత్రము అనెను. వారు కొంత చిన్నబోయి, పిదప ఊరకుండిరి. నాకు పాతచొక్కా చిత్రమే మిక్కిలి నచ్చినది. అందు చేతులు పని యెరిగినట్లున్నవి. వారు మాత్రము చీర చిత్రమునే అచ్చువేసిరి.

కొన్ని నెలల పిమ్మట క్యాలెండరు ఇంటికి వచ్చినది. అందరు చూచి సంతోషించిరి. నాయనమ్మ దానిని చాలసేపు చూచి, "నేను ఈ భుజాన కట్టిన ముడి ఆ భుజానికెట్లు పోయింది?" అని అడిగెను. ఆమె చెప్పినది నిజమే. అక్షరములకు చోటు కావలసి, అచ్చువేయువారు బొమ్మను కుడియెడమలు మార్చిరి. తమను తాము తీసికొనునప్పుడు కొన్ని ఫోనులు కూడ ఇట్లే మార్చును. ఇది ఎంత వివరించినను ఆమె నమ్మలేదు. కట్టినవారెవరో తెలియనివారు మరల ముడివేసిరని ఆమె అనుమానము. చివరకు గోడనున్న అద్దమునకు ఎదురుగా క్యాలెండరును పట్టి చూపితిని. ముడి తన భుజమునకు తిరిగి వచ్చినది. అప్పుడు ఆమె తల ఊపి, ఆ క్యాలెండరును ఆ అద్దమునకు ఎదుటిగోడనే మేకుకు తగిలించుమనెను.