ఆటో స్కేలింగ్: పెరగడమూ తగ్గడమూ నేర్చిన సర్వర్లు

వెబ్‌సైటుకు వచ్చే రద్దీ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. పరీక్షా ఫలితాలు వెలువడిన గంటలో లక్షల మంది ఒక్కసారిగా చేరితే, మర్నాటికి ఆ ఒత్తిడి చాలావరకు సద్దుమణుగుతుంది. వాడుకదారు అడిగిన పనిని ప్రోగ్రాము ద్వారా పూర్తిచేసి జవాబు పంపే కంప్యూటర్లను అప్లికేషన్ సర్వర్లు అంటారు. సంస్థలు వీటిని సొంతంగా కొనుక్కునే కాలంలో అత్యధిక రద్దీకి సరిపడా యంత్రాలను ముందే సమకూర్చుకోవలసి వచ్చేది కనుక, మామూలు రోజుల్లో వాటిలో అధికభాగం ఖాళీగా ఉండేవి. అంచనా తప్పిన రోజున మాత్రం ఉన్నవన్నీ కలిసినా చాలేవి కావు.

2006 ఆగస్టులో అమెజాన్ ఇసి2 పేరిట సర్వర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టడంతో ఈ చిక్కు వీడే దారి కనిపించింది. 2008 ఏప్రిల్‌లో, ఫొటోలను వీడియోలుగా మార్చే యానిమోటో అనే అమెరికన్ సేవకు ఫేస్‌బుక్ ద్వారా జనం వెల్లువెత్తినప్పుడు, అది వాడే సర్వర్లు కొద్దిరోజుల్లోనే సుమారు 50 నుంచి 3,400 దాకా పెరిగాయి. 2009 మేలో అమెజాన్ మూడు సేవలను ఒకేసారి విడుదల చేసింది: సర్వర్ల పనిభారాన్ని కొలిచే క్లౌడ్‌వాచ్, వచ్చిన అభ్యర్థనలను సర్వర్లన్నిటికీ పంచే లోడ్ బ్యాలెన్సర్, కొలతను బట్టి సర్వర్లను చేర్చి తొలగించే ఆటో స్కేలింగ్.

ఎన్ని చేర్చాలి, ఎన్ని తొలగించాలి అన్న నిర్ణయం వెనుక ఉన్న లెక్క చాలా సరళమైనది. గూగుల్ 2014లో బయటపెట్టిన కుబెర్నెటిస్ వ్యవస్థలో ప్రోగ్రాము నడిచే అతి చిన్న విభాగాన్ని పాడ్ అంటారు. నాలుగు పాడ్లు నడుస్తూ, వాటి సగటు ప్రాసెసర్ వినియోగం 50 శాతం ఉండాలని నిర్ణయించిన చోట అది 90 శాతానికి చేరితే, నాలుగును 90తో గుణించి 50తో భాగించగా 7.2 వస్తుంది, దాన్ని పై అంకెకు సవరించి, కనిష్ఠ గరిష్ఠ పరిమితులకు లోబడి, వ్యవస్థ ఎనిమిది పాడ్లను కోరుతుంది. సాధారణంగా ప్రతి 15 సెకన్లకూ ఈ లెక్క మళ్ళీ జరుగుతుంది.

అసలు కష్టం తొందరపాటును అదుపు చేయడంలో ఉంది. కొత్త సర్వరు గానీ పాడ్ గానీ లేచి సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా పాత కొలతనే నమ్మి మరిన్ని సర్వర్లను పిలిస్తే అవి అవసరానికి మించిపోతాయి, వెంటనే తీసేస్తే మళ్ళీ కొరత ఏర్పడుతుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రపు వేగాన్ని నిలకడగా ఉంచడానికి అమర్చిన గవర్నరు వంటి పరికరాల్లోనూ ఇటువంటి ఊగిసలాటే ఎదురుకాగా, 1868లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ దాన్ని గణితంతో విశ్లేషించాడు. ఆ ఊగిసలాట రాకుండా కుబెర్నెటిస్ సాధారణంగా లక్ష్యానికి 10 శాతం లోపు తేడాను పట్టించుకోదు. పాడ్లను తగ్గించే ముందు గత ఐదు నిమిషాల్లో లెక్క సూచించిన సంఖ్యల్లో పెద్దదాన్నే పాటిస్తుంది.

ఈ ఏర్పాటు ఫలించాలంటే ఏ సర్వరునైనా ఎప్పుడైనా తీసివేయడానికి వీలుండాలి. అందుకే వాడుకదారు లాగిన్ వివరాలను, కొనుగోలు బుట్టను సర్వరులో కాక అందరికీ అందుబాటులో ఉండే వేరే నిల్వలో ఉంచుతారు. తొలగించబోయే సర్వరుకు కొత్త అభ్యర్థనలు పంపడం మాని, చేతిలో ఉన్నవి పూర్తయ్యాకే దాన్ని ఆపుతారు. అప్లికేషన్ సర్వర్లు పెరిగినంత మాత్రాన వాటి వెనుకనున్న డేటాబేసు పెరగదు. ప్రతి కొత్త సర్వరూ దానిపై మరిన్ని కనెక్షన్లు మోపుతుంది కనుక, గరిష్ఠ పరిమితిని ఖర్చును బట్టే కాక డేటాబేసు మోయగల భారాన్ని బట్టి కూడా నిర్ణయించాలి.

రద్దీ వచ్చాక స్పందించడం చాలదని గుర్తించిన నెట్‌ఫ్లిక్స్, పాత రోజుల తీరును చూసి ముందే సర్వర్లను సిద్ధం చేసే స్క్రైయర్ వ్యవస్థను 2013లో వెల్లడించింది. అయినా కొలవవలసినది ప్రాసెసర్ వినియోగమా, వరుసలో ఆగిన అభ్యర్థనల సంఖ్యా, ఎంతవరకు పెరగనివ్వాలి, ఎంతసేపు ఆగాలి అన్నవి ఆ సేవ స్వభావం తెలిసిన ఇంజినీరు నిర్ణయించవలసినవే. ఆ నిర్ణయాలు సరిగా ఉన్నప్పుడే యంత్రం చేసే లెక్కకు విలువ ఉంటుంది.