ముగ్గురుంటేనే దారి

రహదారి సామర్థ్యాన్ని గంటకు ఎన్ని కార్లు సాగిపోయాయన్న లెక్కతో కొలవడం రవాణా ఇంజనీర్లకు దశాబ్దాల అలవాటు కాగా, ఆ కార్లలో ఎందరు మనుషులు ప్రయాణించారన్నదే అసలు కొలమానం కావాలన్న ఆలోచన 1970ల ఆరంభంలో అమెరికా మహానగరాల శివార్లలో ప్రభుత్వ విధానంగా మారింది. ఆ ఆలోచన నుంచి పుట్టిందే కార్‌పూల్ లేన్. ఒకే దిక్కుకు వెళ్లేవారు తలా ఒక కారు తీయకుండా కలిసి ఒకే కారులో వెళ్లడాన్ని కార్‌పూలింగ్ అంటారు. అలా డ్రైవరుతో కలిపి కనీసం ఇద్దరో ముగ్గురో ఉన్న కార్లకు, బస్సులకు మాత్రమే రద్దీవేళల్లో ప్రవేశం ఉండేలా తెల్లని వజ్రాకారపు గుర్తు వేసి కేటాయించిన లేన్‌ను అధికార పరిభాషలో హెచ్‌ఓవీ లేన్ అనీ, ఇద్దరు చాలన్న చోట హెచ్‌ఓవీ-2 అనీ, ముగ్గురు ఉండి తీరాలన్న చోట హెచ్‌ఓవీ-3 అనీ వ్యవహరిస్తారు. యాభై ఏళ్లు దాటిన ఈ ఏర్పాటు మీద నేడు శివారు ప్రయాణికులలో దాదాపు అన్ని వర్గాలకూ ఏదో ఒక విసుగు ఉంది. పక్క లేన్ ఖాళీగా కనిపిస్తుంటే తాను కదలక నిలిచిపోవలసి వచ్చిందని ఒంటరి డ్రైవరు బాధపడుతుండగా, తోడును వెతుక్కుని ఎక్కించుకున్నా ఆ లేన్‌లోనూ కార్లు బారులు తీరే ఉన్నాయని కార్‌పూల్ చేసేవారు వాపోతున్నారు. రుసుము చెల్లించగలవారికి అదే దారి తెరుచుకోవడం చూసి మిగిలినవారు మండిపడుతున్నారు.

వీటిలో మొదటి ఫిర్యాదు చాలావరకు కంటి భ్రమ నుంచి వచ్చింది. సాఫీగా సాగుతున్న ఒక లేన్ గంటకు సుమారు 2,000 వాహనాలను మోయగలదు. ఒంటరి డ్రైవర్లే ఎక్కువగా ఉండే సాధారణ లేన్‌లో కారుకు సగటున 1.1 మంది ఉంటారనుకుంటే, ఆ లేన్ నిండుగా నడిచినా గంటకు చేరవేసేది 2,200 మందినే. బస్సులు, ముగ్గురేసి ఉన్న కార్లు తిరిగే లేన్‌లో వాహనానికి సగటున 3.7 మంది ఉంటే అంతమందిని చేరవేయడానికి 600 వాహనాలు చాలు, అంటే ఆరు సెకన్లకు ఒక వాహనం సాగిపోతే సరిపోతుంది. ఆరు సెకన్లకొక వాహనం వెళ్లే దారి, పక్కన బంపరుకు బంపరు ఆనించి నిలిచిన వరుసలోంచి చూసేవారికి ఖాళీగానే కనిపిస్తుంది గనుక, పనిచేస్తున్న కార్‌పూల్ లేన్‌కు వృథా అన్న నింద తప్పదు. ఈ నిందకు జవాబు చెప్పే ఓపిక ప్రభుత్వాలకు లేకపోవడంతోనే తరువాతి కథ అంతా మొదలైంది.

ఈ విధానం గొప్పగా విజయవంతమైన చోటు ఉత్తర వర్జీనియా. వాషింగ్టన్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న శివార్లను పెంటగాన్‌తోనూ, రాజధాని కార్యాలయాలతోనూ కలిపే షర్లీ హైవే మీద 1969లో బస్సులకు ప్రత్యేక మార్గం తెరిచారు. 1973 చమురు సంక్షోభంలో పెట్రోలు కోసం బారులు తీరిన కాలంలోనే, ఆ ఏడాది డిసెంబరులో, నలుగురు ఉన్న కార్లను కూడా అందులోకి అనుమతించారు. ఇవి ఉదయం నగరంవైపు, సాయంత్రం శివార్లవైపు దిశ మార్చుకునే రెండు లేన్లుగా ఉండేవి. మిగతా రోడ్డు నుంచి అడ్డుగోడలతో వేరుచేసి ఉండడం వల్ల మధ్యలో దూరిపోవడానికి వీలుండేది కాదు. రాష్ట్ర రవాణా శాఖ చెప్పిన ఒక లెక్క ప్రకారం ఉదయపు రద్దీలో ఈ ప్రత్యేక లేన్లు 8,600 వాహనాల్లో 31,700 మందిని చేరవేయగా, సాధారణ లేన్లు 21,300 వాహనాల్లో 23,500 మందిని మాత్రమే చేరవేశాయి. కార్‌పూల్ లేన్ల చరిత్రలో ఇంతకన్నా బలమైన సాక్ష్యం మరొకటి లేదనే చెప్పాలి.

ఆ అంకెల వెనుక ప్రభుత్వం ఊహించని ఒక సామాజిక ఏర్పాటు ఉంది. నలుగురిని కూడగట్టడం ప్రతిరోజూ సాధ్యం కాని డ్రైవర్లు బస్టాపుల దగ్గర ఆగి, ముక్కూమొహం తెలియని ప్రయాణికులను ఉచితంగా ఎక్కించుకోవడం మొదలుపెట్టగా, డ్రైవరుకు సమయం, ఎక్కినవారికి బస్సు చార్జీ కలిసివచ్చే ఈ పద్ధతి స్లగింగ్ అన్న పేరుతో స్థిరపడింది. వుడ్‌బ్రిడ్జ్‌లోని హార్నర్ రోడ్ పార్కింగ్ స్థలం వంటి చోట్ల గమ్యాన్ని బట్టి వేర్వేరు క్యూలు ఏర్పడ్డాయి; డ్రైవరు తాను వెళ్లే చోటు చెబితే క్యూలో ముందున్నవారు ఎక్కుతారు, డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు, డ్రైవరు పలకరించనిదే మాటలు కలపరు, చీకటిపడ్డాక క్యూలో స్త్రీని ఒంటరిగా వదిలి వెళ్లరు. ఏ శాఖా రాయని, ఏ అధికారీ అమలుచేయని ఈ మర్యాదలు దశాబ్దాలపాటు నిలిచాయి. 1989లో కనీస సంఖ్యను నలుగురి నుంచి ముగ్గురికి తగ్గించినా ఏర్పాటు చెదరలేదు. అపరిచితుల మీద ఇంతటి నమ్మకం, కారును సొంత ఇంటికి పొడిగింపుగా భావించే శివారు సంస్కృతి నడిబొడ్డున పెరగడం నిజంగా అబ్బురపరిచే విషయం. లేన్ ప్రత్యేకంగా, నిబంధన కఠినంగా, సమయపు లాభం కచ్చితంగా ఉన్నందువల్లే ఆ నమ్మకం పాదుకొన్నదని గుర్తించడం అవసరం, ఎందుకంటే తరువాత ఇతర చోట్ల సడలిపోయినవి సరిగ్గా ఈ మూడే.

రాజకీయంగా మాత్రం కార్‌పూల్ లేన్ మొదటినుంచీ బలహీనమైనదే. లాస్ ఏంజెలెస్‌లోని శాంటా మోనికా ఫ్రీవే మీద 1976 మార్చిలో కొత్త లేన్ కట్టకుండా ఉన్న లేన్‌నే కార్‌పూల్‌కు కేటాయించినప్పుడు చెలరేగిన ఆగ్రహం అంతా ఇంతా కాదు. పర్యావరణ సమీక్ష జరపలేదన్న కారణంతో ఫెడరల్ న్యాయస్థానం ఆగస్టులో దానిని నిలిపివేయగా, 21 వారాలకే ప్రయోగం ముగిసింది. ఉన్నదాన్ని తీసుకోకూడదు, కొత్తగా కట్టిన లేన్‌నే కేటాయించాలి అన్నది ఆ తర్వాత అమెరికా అంతటా దాదాపు అలిఖిత నియమమైంది. అదీ అన్నిచోట్లా నిలవలేదు. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ఎడిసన్, పార్సిప్పనీ ప్రాంతాల మీదుగా సాగే 287వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి మీద న్యూజెర్సీ ప్రభుత్వం 1998 జనవరిలో తెరిచిన కార్‌పూల్ లేన్లను, ఖాళీగా ఉంటున్నాయన్న నిరసనలకు తలొగ్గి, అదే ఏడాది నవంబరులో గవర్నర్ క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ హయాంలోనే ఎత్తివేసింది.

ఎత్తివేయని చోట్ల నిబంధనను కొద్దికొద్దిగా కొరికేశారు. వాషింగ్టన్‌కు పడమటి శివార్ల నుంచి వచ్చే 66వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి ఇందుకు మంచి ఉదాహరణ. స్థానికుల తీవ్ర వ్యతిరేకత నడుమ 1977 జనవరిలో అప్పటి రవాణా మంత్రి విలియం కోల్‌మన్ దానికి అనుమతి ఇస్తూ, నగరాన్ని చుట్టివచ్చే బెల్ట్‌వే లోపలి భాగం నాలుగు లేన్లకు మించకూడదనీ, లారీలు రాకూడదనీ, మధ్యలో మెట్రో రైలు నడవాలనీ, రద్దీవేళల్లో రద్దీ దిశలో మొత్తం రోడ్డు కార్‌పూల్‌కే ఉండాలనీ షరతులు పెట్టారు. 1982 డిసెంబరులో రోడ్డు తెరిచినప్పుడు కారుకు నలుగురు ఉండాలన్న నియమం త్వరలోనే ముగ్గురికి, 1995లో ఇద్దరికి దిగివచ్చింది. ఒక్కో సడలింపు ఆ రోజుకు జనాదరణ తెచ్చినా, ముగ్గురి నియమం పోయాక లేన్ నిండిపోయి, కలిసి ప్రయాణించడం వల్ల కలిగే లాభమే కరిగిపోయింది. పైగా ఇద్దరు చాలన్నప్పుడు బిడ్డను బడికి తీసుకెళ్లే తల్లి, ఒకే ఇంటి నుంచి బయల్దేరే దంపతులు కూడా కార్‌పూల్ కిందికే వస్తారు. వారి ప్రయాణంలో తప్పేమీ లేదు గానీ, వారికి లేన్ ఇచ్చినందువల్ల రోడ్డు మీది నుంచి ఒక్క కారూ తగ్గదు.

కాలిఫోర్నియా మరోరకంగా సడలించింది. ఇంధనం ఆదా చేసే కార్ల అమ్మకాలను ప్రోత్సహించడానికి విద్యుత్ కార్లకూ, 2005 నుంచి 2011 వరకు 85,000 హైబ్రిడ్ కార్లకూ స్టిక్కరు ఇచ్చి, డ్రైవరు ఒక్కడే ఉన్నా కార్‌పూల్ లేన్‌లోకి రానిచ్చింది. ఈ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి మినహాయింపులు ఇచ్చిన లేన్లలో రద్దీవేళల్లో 90 శాతం సమయం కనీసం గంటకు 45 మైళ్ల వేగం ఉండాలి. అంతకన్నా తగ్గితే దానిని క్షీణించిన లేన్‌గా పరిగణిస్తారు. కాలిఫోర్నియాలో సగానికిపైగా కార్‌పూల్ లేన్లు ఆ కోవలోకే చేరాయి. బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ప్రవీణ్ వరైయా, జేమ్యంగ్ క్వాన్ కలిసి 2008లో ప్రచురించిన పరిశోధన మరో లోపాన్ని బయటపెట్టింది. ఒంటి లేన్‌లో ముందున్న నిదానపు కారును దాటడానికి దారి లేనందున, 2,000 వాహనాలు సాగవలసిన చోట 1,600 మాత్రమే సాగుతున్నాయని, అంటే సామర్థ్యంలో ఐదోవంతు పోతోందని వారు చూపించారు.

ఈ దశలో ప్రభుత్వాలకు దొరికిన మార్గం, మిగిలిన చోటును అమ్మడం. రద్దీని బట్టి కొన్ని నిమిషాలకొకసారి మారే టోల్ చెల్లిస్తే ఒంటరి డ్రైవరును కూడా అనుమతించి, నిర్ణీత సంఖ్యలో మనుషులున్న కార్లను ఉచితంగా వదిలే దారులను ఎక్స్‌ప్రెస్ లేన్లు అంటారు. 66వ నంబరు రహదారి మీద 2017 డిసెంబరు 4న ఇది మొదలైనప్పుడు సుమారు పది మైళ్ల దూరానికి తొలిరోజు టోల్ 34.50 డాలర్లకు, మరునాడు 40 డాలర్లకు చేరి దేశమంతటా వార్త అయింది. సగటు టోల్ అంతకన్నా చాలా తక్కువే అయినా, రోడ్డు ధర ఇంతగా ఎక్కుతుందన్న దిగ్భ్రమ మాత్రం ప్రజల్లో ఉండిపోయింది. న్యాయంగా చెప్పాలంటే, అంతకుముందు కార్‌పూల్ నియమం అమల్లో ఉన్న గంటల్లో సాధారణ ఒంటరి డ్రైవరుకు అక్కడ ప్రవేశమే లేదు గనుక, ఆ గంటల మేరకు అతడు కోల్పోయినదేమీ లేదు. పైగా అదే ఏర్పాటులో భాగంగా 2022 డిసెంబరులో ఉచిత ప్రవేశానికి మళ్లీ ముగ్గురి నియమాన్ని తెచ్చారు. సరైన నియమం తిరిగివచ్చింది టోల్ చాటునే అన్నది ఒప్పుకోవలసిన వాస్తవం.

ఒప్పుకోలేనిది బెల్ట్‌వే ఒప్పందంలోని ఒక షరతు. 2012 నవంబరులో తెరిచిన బెల్ట్‌వే ఎక్స్‌ప్రెస్ లేన్ల నిర్మాణ, నిర్వహణలను ఆస్ట్రేలియాకు చెందిన ట్రాన్స్‌అర్బన్ భాగస్వామిగా ఉన్న ప్రైవేటు కూటమికి అప్పగిస్తూ, ఆ లేన్లలో ఉచితంగా వెళ్లే కార్‌పూల్ వాహనాలు 24 శాతం దాటితే కలిగే ఆదాయ నష్టంలో 70 శాతాన్ని 40 ఏళ్లపాటు రాష్ట్రమే భరించేందుకు వర్జీనియా అంగీకరించింది. ప్రజలు కలిసి ప్రయాణించడం ప్రోత్సహించవలసిన ప్రభుత్వమే, వారు ఎక్కువగా కలిసి ప్రయాణిస్తే పరిహారం కడతానని రాసిచ్చిందన్నమాట. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ ఈ పాఠాన్ని ముందే నేర్చుకుంది. అక్కడ 1995 డిసెంబరులో 91వ నంబరు రాష్ట్ర రహదారి మీద తెరిచిన ప్రైవేటు టోల్ లేన్ల ఒప్పందం పక్కనున్న ఉచిత లేన్ల విస్తరణను అడ్డుకోవడంతో, ఆ లేన్లను స్థానిక రవాణా సంస్థ 2003లో 20 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కొనుక్కోవలసి వచ్చింది.

ఇన్ని లోపాలుంటే నియమాన్నే రద్దుచేస్తే పోలేదా అన్న వాదనకు ఇండోనేషియా రాజధాని జకార్తా జవాబిచ్చింది. ప్రధాన రహదారుల్లో రద్దీవేళల్లో కారుకు ముగ్గురు ఉండాలన్న అక్కడి నియమాన్ని తప్పించుకోవడానికి డబ్బిచ్చి మనుషులను ఎక్కించుకునేవారు. ఆ దుర్వినియోగాన్ని కారణంగా చూపి 2016 ఏప్రిల్‌లో నియమాన్ని ఎత్తివేశారు. రేమా హన్నా, గాబ్రియేల్ క్రెయిండ్లర్, బెంజమిన్ ఓల్కెన్ 2017లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉదయం కిలోమీటరుకు 2.1 నిమిషాలు పట్టే ప్రయాణానికి 3.1 నిమిషాలు, సాయంత్రం 2.8 నిమిషాలు పట్టేదానికి 5.3 నిమిషాలు పట్టసాగాయి. నియమం లేని ఇతర రోడ్ల మీద కూడా రద్దీ పెరగడం ఆ అధ్యయనంలోని అత్యంత విలువైన అంశం. అందరూ వెక్కిరించిన నియమం నగరాన్ని ఎంతగా కాపాడుతూ వచ్చిందో అది పోయాకే తెలిసింది.

అమెరికాలో కార్‌పూల్ వాటా తగ్గడానికి లేన్లొక్కటే కారణం కాదు. 1980 జనగణనలో ఉద్యోగుల్లో 19.7 శాతం కార్‌పూల్ చేయగా 2019 నాటికి అది 9 శాతం దరిదాపులకు పడిపోయింది. ఇంటికి రెండో కారు వచ్చింది, ఉద్యోగాలు నగర కేంద్రం వదిలి శివారు నుంచి శివారుకు చెదిరిపోయాయి, పనివేళలు ఒకరికొకరికి పొంతన లేకుండా పోయాయి. యాష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిల్లీ వంటి ఉత్తర వర్జీనియా శివార్లలోని తెలుగు కుటుంబాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులై, చెరొక దిక్కు వెళ్తూ, సాయంత్రం డేకేర్ మూసేలోగా బిడ్డను తెచ్చుకోవలసిన ఇంటికి కార్‌పూల్ సలహా ఇవ్వడం తేలికే గానీ ఆచరణ కష్టం. 2020 మార్చి తర్వాత ఇంటి నుంచి పనిచేసే పద్ధతి వచ్చి స్లగింగ్ క్యూలు పలచబడగా, ఫెడరల్ ఉద్యోగులు పూర్తికాలం కార్యాలయాలకు రావాలన్న ఆదేశం 2025 జనవరిలో వెలువడ్డాక ఆ రోడ్లకు రద్దీ తిరిగివచ్చింది. క్యూల మీద ఉండే పాత నమ్మకం మాత్రం ఆదేశాలతో తిరిగిరాదు.

చేయవలసినవి కష్టమైనవే అయినా అస్పష్టమైనవి కావు. ముగ్గురి నియమాన్ని అన్నిచోట్లా నిలపాలి, లేన్‌ను అడ్డుగోడతో వేరుచేయాలి, టోల్ ఆదాయాన్ని అదే దారిలో నడిచే బస్సులకు ఖర్చుపెట్టాలి, కలిసి ప్రయాణించేవారి సంఖ్య పెరిగితే పరిహారం కట్టించే ఒప్పందాల మీద ఏ రాష్ట్రమూ సంతకం చేయకూడదు. 2022 నవంబరులో మెట్రో సిల్వర్ లైన్ యాష్‌బర్న్ దాకా వచ్చింది. స్టేషను వరకు ముగ్గురు కలిసి ఒక కారులో వెళ్లినా రెండు కార్లు ఇంటి దగ్గరే ఉండిపోతాయి. పండుగలకూ, పిల్లల తరగతులకూ ఇంత చక్కగా ఒకరికొకరు తోడయ్యే అక్కడి తెలుగు సంఘాలు, ఒకే వీధి నుంచి ఒకే దిక్కుకు వెళ్లేవారి జాబితా తయారుచేసే పనిని కూడా తమ బాధ్యతల్లో చేర్చుకోవాలి.